మేతబీళ్ల చరిత్ర: కొత్త విత్తనము, పాత కంచ

హైదరాబాదు నగరములోని అమీర్‌పేట, పంజాగుట్టలను నేడు ఎరుగని పల్లె లేదు. చదువు ముగించి ఉద్యోగము వెదకుకొనుచు వచ్చిన యువకులు అమీర్‌పేటలోని కంప్యూటరు శిక్షణాలయముల చుట్టు తిరుగుదురు. పెద్ద జబ్బు చేసినవారిని బంధువులు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి తీసికొని వత్తురు. 2017 నవంబరులో మెట్రో రైలు నడచుట మొదలైన తరువాత అమీర్‌పేట రద్దీ మరింత పెరిగినది. గజము నేలకు ఇంత వెల పలుకు చోట గడ్డిని గూర్చి ప్రస్తావించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పంజాగుట్ట పేరులోనే గుట్ట యున్నది. దానిని ఆనుకొని యున్న బంజారా హిల్స్ పేరులో బంజారాలున్నారు. ఎద్దుల మందలపై ధాన్యమును, ఉప్పును మోయించి దక్కను దేశమంతట వర్తకము సాగించిన లంబాడీలే ఈ బంజారాలు. వారి మందలు మేసిన కొండలకు వారి పేరు నిలిచిపోయినది. 1930 దశకమున నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఆ రాళ్ల నడుమ నివసించుచున్న నాటికి కూడ ఆ ప్రాంతము నగరమునకు వెలుపలి రాతిగుట్టయే.

ఈ గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు రాతివి. ఎండకు వానకు ఆ రాయి అరిగి పొడియై, వాలుల మీద పలుచని ఎర్రమట్టిగా పరచుకొన్నది. తెలంగాణమున దీనినే చల్కనేల యందురు. ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును; అందు నాలుగింట మూడు వంతులు జూను నుండి సెప్టెంబరు లోపలనే పడిపోవును. బెత్తెడు మట్టిగల ఇట్టి వాలులు నాగలికి లొంగవు. గడ్డికి మాత్రము ఆ మట్టి చాలును. గడ్డివేరు మట్టిని పట్టియుంచును. మట్టి వాననీటిని పట్టియుంచును. మిగిలిన నీరు నెమ్మదిగా వాగులలో దిగి చెరువు చేరును. 1562 ప్రాంతమున కుతుబ్‌షాహీల కాలములో కట్టిన హుస్సేన్‌సాగరునకు ఈ గుట్టల వాలులే పరీవాహకములు.

ఆ గడ్డి పోయిన కథయు, పోయిన చోట్ల దానిని మరల మొలపించుటకై దేశదేశముల నుండి విత్తనములు తెచ్చిన కథయు తెలుగునాట పశువులున్న ప్రతి యూరికిని చెందినవి. ఆ కథల నుండి తేలిన సంగతి యొకటి కలదు. విత్తనమును ఎక్కడి నుండియైనను తెచ్చుకొనవచ్చును. నేలకు కావలసిన విశ్రాంతిని మాత్రము ఆ యూరివారే ఇచ్చుకొనవలెను.

కంచ అను పాత ఏర్పాటు

హైదరాబాదు పరిసరములలో కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ మొదలగు పేర్లు నేటికిని వినవచ్చును. కంచ యనగా గడ్డికొరకు ప్రత్యేకించి విడిచిన బీడు. వర్షాకాలమున పశువులను అందులోనికి పోనీయక, గడ్డి పూచి గింజ రాల్చిన తరువాత కోసికొనుటయో, మేపుకొనుటయో దీని పద్ధతి. కొన్ని కంచలలోని మేతను ప్రభుత్వము వేలము వేయుచుండెడిది. కొన్ని జాగీర్దారుల గుర్రములకును, పశువులకును చెందియుండెడివి. వీనికి తోడు ఊరి పశువులన్నింటికిని ఉమ్మడిగా నున్న బీళ్లు వేరుగా కలవు. వానిని రెవెన్యూ లెక్కలలో గైరాన్ అనియు, బంచరాయి అనియు, కోస్తా రాయలసీమలలో మేత పోరంబోకు అనియు వ్రాయుచుండిరి.

పాత కాలమంతయు స్వర్ణయుగమని చెప్పుటకు వీలులేదు. కంచలోని మంచి గడ్డి దొరల గుర్రములకు పోయి, పేదవాని ఆవు వెలుపల నిలిచిన చోట్లు అనేకములు. కాని ఆ ఏర్పాటులో ఒక శాస్త్రము ఇమిడియున్నది. గడ్డి గింజ రాల్చువరకు దానిని ముట్టరాదను నియమమే ఆ శాస్త్రము. నియమము దొరదైనను గడ్డికి మేలు చేసినది. దొర పోయిన తరువాత ఆ నియమము ఎవరిది కావలెనను ప్రశ్న మాత్రము మిగిలిపోయినది.

గడ్డి ఎట్లు చచ్చును

గడ్డిపోచను పశువు కొరికినంత మాత్రమున మొక్క చావదు. చెట్లవలె గాక గడ్డికి పెరుగుచోటు నేలకు దాపుననే యుండును; కనుక కొరికిన కొలది మరల చిగిర్చును. అయితే ఆ చిగురునకు కావలసిన బలము వేరులో దాచుకొన్న ఆహారము నుండి రావలెను. ఆకు పెరిగి ఎండను గ్రహించి వేరునకు తిరిగి బలము పంపు లోపలనే మరల కొరికినచో, వేరు కురుచయగును. ఇట్లు రెండు మూడు ఏండ్లు వరుసగా జరిగినచో మొదటి వానకే మొలచు మొక్క తరువాతి ఎండకు నిలువలేదు. పశువునకు ప్రీతియైన గడ్డియే ముందు నశించును, ప్రీతిలేనిది మిగులును. అధికముగా మేపిన బీడు ఒక్కనాటితో బోడియగుట గాక, మెట్టు మెట్టుగా దిగజారుచుండును.

ఈ మెట్లను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. భారత వ్యవసాయ పరిశోధన మండలి పక్షమున 1954 నుండి 1962 వరకు దేశమందలి గడ్డిభూములను పరిశీలించిన దాబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అను నిరువురు, వానిని ఐదు తరగతులుగా విభజించి 1973లో గ్రంథముగా ప్రకటించిరి. దక్కను పీఠభూమియంతయు సెహిమా, డైకాంథియం అను రెండు గడ్డిజాతుల తరగతికి చెందినదని వారు నిర్ణయించిరి. ఎర్రనేల వాలులలో సెహిమాయు, నల్లరేగడి పల్లములలో డైకాంథియమును మేలైన మేత. మేపు మితిమీరినచో సెహిమా తగ్గి, దాని స్థానమున హెటెరోపోగాన్ పెరుగును. ఇది లేతగా నున్నప్పుడు మేతయే కాని, ముదిరిన పిదప దాని గింజకు బల్లెపుమొన వంటి ముల్లు వచ్చి గొర్రె ఉన్నిలోనికిని, చర్మములోనికిని దిగును. ఇంకను మేపినచో అదియు పోయి, అరిస్టిడా వంటి గరుకుగడ్డియు, ఒక వానకు పుట్టి ఒక ఎండకు చచ్చు అల్పపు గడ్డియు మాత్రమే మిగులును. ఆ పిమ్మట రాయి తేలును. ఏ యూరి కాపరియైనను తన బీడును చూచి, అది ఏ మెట్టుమీద నున్నదో చెప్పగలడు.

ఈ దిగజారుడునకు పశువుల సంఖ్య ఒక్కటే కారణమా? లిన్లిత్‌గో ప్రభువు అధ్యక్షతను 1926లో ఏర్పడిన రాయల్ వ్యవసాయ సంఘము 1928లో సమర్పించిన నివేదికలో ఒక విషవలయమును వర్ణించినది. మేత చాలనందున ఎద్దులు బలహీనములగును. బలములేని ఎద్దులతో దుక్కి సాగదు గనుక రైతు మరికొన్నింటిని ఉంచుకొనును. వానికి మేత మరింత చాలదు. దరిద్రమునుండి పుట్టిన ఆధిక్యమే గాని ఇది ఐశ్వర్యపు ఆధిక్యము కాదు. కనుక పశువులను తగ్గించుమని చెప్పుటకంటె ముందు, ఉన్న పశువునకు మేత చూపవలెను.

కుదించుకొనిపోయిన బీళ్లు

స్వాతంత్ర్యానంతరము బీళ్ల విస్తీర్ణమే తరుగుట ఆరంభించెను. హైదరాబాదు సంస్థానమున 1949లో జాగీర్లు రద్దయ్యెను. భూమిలేని పేదలకు బంజరులు పంచుట ఆ దశాబ్దములందు జరిగిన మంచి పనులలో నొకటి. దానిని తప్పుపట్టుటకు వీలులేదు. అయితే పంచబడిన భూములలో చాల భాగము బెత్తెడు మట్టిగల మేతబీళ్లు. కొన్ని చోట్ల బలవంతులు ఆక్రమించినవియు అవియే. పటాన్‌చెరువు దాపున 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థలో పనిచేసిన ఆర్థికవేత్త ఎన్. ఎస్. జోధా, ఏడు రాష్ట్రములలోని ఎనుబదికి పైగా గ్రామములను పరిశీలించి 1986లో తన ఫలితములను ప్రకటించెను. 1950 దశకపు ఆరంభమునకును 1980 దశకపు ఆరంభమునకును నడుమ ఆయా గ్రామములలో ఉమ్మడి భూములు నాలుగవ వంతు నుండి సగమునకు పైగా తరిగిపోయినవని ఆయన కనుగొనెను. ఆ బీళ్ల మీద ఎక్కువగా ఆధారపడినవారు పేదలేయనియు, పంపకములో వారికి దక్కిన భూమి వారు కోల్పోయిన మేత, కట్టె, ఆకు అలములకు సాటిరాలేదనియు ఆయన పరిశీలనలలో తేలినది.

పొలము గలవానికి చొప్ప యుండును, వరిగడ్డి యుండును. పొలము లేని గొల్ల, కురుమ కుటుంబములకు బీడే పొలము. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి ఆ బీడునుండియే వచ్చినది. బీడు సగమై, మంద అట్లే యుండుటచే మిగిలిన సగముపై భారము రెట్టింపయ్యెను.

దేశాంతరముల గడ్డి

తరిగిన నేలలో ఎక్కువ మేత పండించవలెనన్న ఆలోచన ఆంగ్లేయుల కాలము నుండియు కలదు. ఆఫ్రికానుండి గినీగడ్డి పద్దెనిమిదవ శతాబ్దాంతముననే ఈ దేశమునకు చేరెను. ఆఫ్రికాదియే యగు నేపియర్ గడ్డి 1912లో వచ్చెను. ఆ నేపియరును మన సజ్జతో సంకరము చేసి 1953లో కోయంబత్తూరులో కొత్త జాతిని సృష్టించిరి. ఏపీబీఎన్-1 అను పేర తెలుగు రైతులెరిగిన సంకర నేపియరు హైదరాబాదులోని రాజేంద్రనగర్ పరిశోధన ఫలము. పారాగడ్డియను మరియొకటి నీరు నిలిచిన చోట్ల ఏపుగా పెరుగును. హైదరాబాదు దిగువను మూసీ ఒడ్డున నగరపు మురుగునీటితో ఈ పారాగడ్డిని పెంచి, గేదెల కొట్టములకు మోపులుగా అమ్మి బ్రతికిన కుటుంబములు అనేకములు.

ఇవి యన్నియు మేలైన గడ్డులే. కాని ఇవి నీరు పారు మడులకు తగినవి. బోడిగుట్టకు వీనివలన ప్రయోజనము లేదు. బోరుబావి గల రైతు గేదెకు పాలు పెరిగినవి. బీడునందలి గొర్రెకు ఒరిగినదేమియు లేదు.

మరియొక హెచ్చరిక కడప జిల్లానుండి వచ్చినది. 1876-78 నాటి మహాక్షామ దినములలో మద్రాసు అటవీశాఖ అధికారి బెడ్డోము కోరికపై, జమైకా దీవినుండి ఒక తుమ్మజాతి విత్తనములు తెప్పించి కమలాపురము ప్రాంతమున నాటిరి. అదియే నేటి సర్కారు తుమ్మ. వానలేకున్నను బ్రతుకుననియు, వంటచెరకగుననియు దానిని ఆదరించిరి. ఆ రెండును నిజములే. అనేక పేద కుటుంబములకు అది పొయ్యిలోని కట్టె యయ్యెను. కాని పశువులు దాని తీయని కాయలు తిని పేడతో గింజలు వెదజల్లగా, అది చెరువు శిఖములను, బీళ్లను అల్లుకొని, తన క్రింద గడ్డి మొలవనీయని ముళ్లడవియయ్యెను. బయటనుండి తెచ్చిన మొక్క ఏ గుణము చేత మెప్పు పొందునో, ఆ గుణము చేతనే కొన్నాళ్లకు కీడుగా మారవచ్చునని కమలాపురము నేర్పినది. ఇట్లే మన దేశమున మేలైన మేతయని పేరొందిన సెంక్రస్ జాతి అంజన్ గడ్డి, ఆస్ట్రేలియా ఎడారులలో అక్కడి స్వదేశీ మొక్కలను మ్రింగివేయు కలుపుగా పరిగణింపబడుచున్నది.

స్టైలో రాక

బోడిగుట్టకు తగిన మొక్క గడ్డిజాతినుండి గాక పప్పుజాతినుండి లభించెను. దాని పేరు స్టైలో. దక్షిణ, మధ్య అమెరికాలు దీని ప్రధాన జన్మభూములు. దీని బంధువగు స్టైలోశాంథిస్ ఫ్రుటికోసా యను మొక్క దక్షిణ భారతమున అనాదిగా సహజముగనే కలదు. ఇంటి ముంగిటి మొక్కను ఎవరును పట్టించుకొనలేదు. దాని బంధువు సముద్రములు దాటి వచ్చిన పిదప ఆదరము కలిగినది.

స్టైలో గొప్పతనమేమనగా, కందివలె పెసరవలె దీని వేరుబుడిపెలు గాలియందలి నత్రజనిని గ్రహించి నేలకు చేర్చును. ఎరువెరుగని చల్కనేలలోను, సారము ఉడిగిన గరపనేలలోను పెరుగును. వేసవికి ముందు బీడుగడ్డి ఎండినప్పుడు దానిలోని మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు పడిపోవును. స్టైలోలో అవి దానికి సుమారు మూడింతలుండును. మరియొక చక్కని గుణము కలదు. తొలకరిలో పశువులు లేతగడ్డినే కోరి తిని స్టైలోను విడిచిపెట్టును. గడ్డి ముదిరి ఎండిన పిమ్మట స్టైలోవైపు తిరుగును. కనుక గడ్డియు స్టైలోయు కలసి యున్న బీడు ఎక్కువ నెలలు మేత నిచ్చును.

ఈ మొక్కను పచ్చికబయళ్లకు వినియోగించుటలో ఆస్ట్రేలియా ముందు నడచినది. ఇరువదవ శతాబ్దారంభమున టౌన్స్‌విల్ రేవు పరిసరములలో తనంతట తాను వ్యాపించిన హ్యుమిలిస్ అను స్టైలోను చూచి, అక్కడి పశుపాలకులు లక్షల ఎకరములకు దానిని వ్యాపింపజేసిరి. 1970 దశకమున ఆంత్రాక్నోస్ అను శిలీంధ్రపు తెగులు సోకి ఆ బయళ్లను నాశనము చేసెను. ఒకే జాతిమీద ఆధారపడిన ఫలమిది. పిదప తెగులునకు కొంత తట్టుకొనగల హమాటా, స్కాబ్రా జాతులను వారు ప్రవేశపెట్టిరి. ఆ జాతులు భారతదేశమునకును చేరినవి. 1962లో ఝాన్సీలో స్థాపితమైన భారతీయ పశుగ్రాస పరిశోధన సంస్థయు, 1985లో హైదరాబాదు సంతోష్‌నగర్‌లో నెలకొన్న కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థయు వీనిని పరీక్షించినవి. హయత్‌నగర్ క్షేత్రమున సుబాబుల్ చెట్ల వరుసల నడుమ స్టైలోను, అంజన్ గడ్డిని కలిపి పెంచు పద్ధతిని పరిశీలించిరి. పంజాగుట్టకు దూరముకాని ఆ నేలయు అట్టి ఎర్ర చల్కయే.

అనంతపురము విత్తు

స్టైలో చరిత్రలో తెలుగువారికి ప్రత్యేక స్థానము నొసగినది అనంతపురము జిల్లా. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఆ జిల్లాలో, వేరుశనగ తప్ప వేరు గతిలేని రైతులలో కొందరు హమాటా స్టైలో విత్తనమును వాణిజ్యపు పంటగా చేపట్టిరి. గింజ కట్టు కాలమున ఆకాశము నిర్మలముగా నుండుట వారికి కలిసివచ్చెను. ఈ పంట కోత విచిత్రమైనది. గింజలు పండిన కొలది నేల రాలిపోవును గనుక, మొక్కను కోసి తీసివేసి, పొలమును కళ్లమువలె చీపుళ్లతో ఊడ్చి, ఆ మట్టినుండి గింజను జల్లించి చెరిగి వేరుచేయుదురు. ఆ యూడ్పు పని అధికముగా స్త్రీలది. ఇతర రాష్ట్రములలోని బీళ్ల అభివృద్ధి పథకములకు పోయిన స్టైలో విత్తనములో అధికభాగము ఈ జిల్లాదియే. దేశమందలి బోడిగుట్టలకు పచ్చదనమిచ్చిన గింజ, దేశములోనెల్ల వాన తక్కువైన జిల్లాలలో నొకదానినుండి, చీపురుకట్టతో సేకరింపబడినదని తెలిసికొనుట తెలుగువారికి గర్వకారణము.

ఈ గింజ విత్తు విధానమును తెలిసికొనుట అవసరము. స్టైలో గింజపై పొర గట్టిది. నీటిని సులభముగా చొరనీయదు. ఎనుబది డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషములుంచి, పిదప చల్లని నీటిలో ఒక రాత్రి నానబెట్టి విత్తినచో మొలక బాగుగా వచ్చును. గింజ మిక్కిలి సన్నము గనుక లోతుగా వేయరాదు. తొలివానకు పైపైని గీరిన నేలపై ఇసుకతో కలిపి చల్లుట చాలును. వెదజల్లుటకు ఎకరమునకు సుమారు నాలుగు కిలోలు కావలెను. వాలునకు అడ్డముగా చిన్న గట్లు వేసినచో గింజయు మట్టియు కొట్టుకొనిపోవు. ఒకసారి నాటుకొన్న పిదప పశువుల పేడద్వారా తనంతట తానే వ్యాపించును.

తెగులు భయము మనకును తప్పలేదు. 1990 దశకపు చివరినుండి భారత, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కలసి తెగులును తట్టుకొను రకములను వెదకి, సీబ్రానా అను మరియొక స్టైలోను మన మెట్టభూములకు అనువైనదిగా గుర్తించిరి. ఒకే రకమును గుడ్డిగా నమ్మరాదని ఆస్ట్రేలియా నేర్చిన పాఠము ఈ విధముగా మనకు ఉపకరించినది.

విత్తిన చోట్ల మొలవలేదేమి

ఇంత మంచి గింజ దొరకినను, తెలుగునాట పునరుద్ధరింపబడిన బీళ్లకంటె విత్తి విడువబడినవే ఎక్కువ. దీనికి గింజను నిందింపరాదు. లేత స్టైలో మొక్క మొదటి ఏడు మెల్లగా పెరుగును. ఆ ఏడు దానిని మేకలు, గొర్రెలు మేసినచో రెండవ ఏడు దాని జాడయుండదు. పథకపు ధనముతో గింజ చల్లినవారు ఫోటోలు తీయించుకొని పోవుదురు. కావలివానికి జీతము నిలిచిన మరునాడే మందలు దిగును. అనేక చోట్ల ఒక వింత కూడ కనబడినది. గింజయేమియు చల్లక, కేవలము రెండు మూడేండ్లు పశువులను పోనీయక కాపాడిన బీళ్లలో పూర్వపు గడ్డి మట్టిలో మిగిలిన వేళ్లనుండియు, గింజలనుండియు తనంతట తిరిగివచ్చెను. కాపుదల లేని గింజ వ్యర్థము. గింజ లేకున్నను కాపుదల కొంత ఫలించును. రెండును కూడినచో ఫలము మిక్కుటము.

అయితే కాపుదల యనగా ఎవరి కడుపు మాడవలెను? ఈ ప్రశ్నను తప్పించుకొని బీడును గూర్చి మాటాడుట న్యాయము కాదు. బీడు మూసిన నాడు పొలముగల రైతు తన ఎద్దును చొప్పదంటుతో మేపుకొనును. నలుబది గొర్రెలు తప్ప వేరు ఆస్తి లేని కాపరి ఎక్కడికి పోవలెను? మూసివేతను అతడు దొంగచాటుగా ఉల్లంఘించినచో తప్పు అతనిదొక్కనిది కాదు. అతనిని విచారింపక నియమము చేసినవారిది కూడ.

ఈ చిక్కును విప్పిన ఊరొకటి హర్యానా రాష్ట్రమున కలదు. చండీగఢ్ నగరమున 1958లో నిర్మించిన సుఖ్నా సరస్సు కొద్దికాలములోనే పూడికతో నిండసాగెను. ఆ మట్టి ఎక్కడిదని వెదకగా, పైనున్న సుఖోమాజ్రీ యను చిన్నయూరి బోడికొండలనుండి వచ్చుచున్నదని తేలెను. 1970 దశకమున పి. ఆర్. మిశ్రా యను శాస్త్రజ్ఞుడు ఆ గ్రామస్థులతో మాటాడి, వారికి చిన్న చిన్న కుంటలు కట్టించెను. కొండపై మేపుట మానినచో కుంటనీరు అందరిదనియు, భూమి లేనివారికి కూడ అందులో సమానమైన వాటా యనియు నిశ్చయించిరి. భూమిలేనివాడు తన నీటివాటాను ఇతరునకు అమ్ముకొనవచ్చును. కొండను కాచుటవలన పేదవానికి కూడ లాభము కనబడినందున, ముండ్లకంచ లేకయే కొండ కాపాడబడినది. మేకలు తగ్గి గేదెలు పెరిగినవి. కొండమీద గడ్డి వచ్చినది. ముండ్ల కంచకంటె మాట కంచ బలమైనదని ఆ యూరు నిరూపించినది.

తెలుగు పల్లెలలో బీడంతయు ఒక్కసారి మూయనక్కరలేదు. బీడును నాలుగు భాగములుగా జేసి ఏటికొక భాగమునకు వర్షాకాలపు విశ్రాంతి నిచ్చి, మిగిలిన మూటియందు మేపుకొనవచ్చును. మూసిన భాగములోని గడ్డిని కోసి తెచ్చుకొను హక్కు మొదట భూమిలేని మందలవారికి కలిగింపవచ్చును. నాలుగేండ్లలో బీడంతయు ఒక్కొక్కసారి గింజ రాల్చును. ఇది కొత్త విద్య కాదు. పాత కంచ నియమమే. దొర ఆజ్ఞకు బదులు ఊరి ఒప్పందము దానికి ఆధారమగును. భేదమంతయు అందులోనే యున్నది.

నేటి అవసరము

ఈ మాట వాయిదా వేయదగినది కాదు. తెలంగాణ రాష్ట్రమున 2012 పశుగణనలో 1 కోటి 28 లక్షలున్న గొర్రెలు 2019 గణనకు 1 కోటి 90 లక్షలైనవి. ఆ లెక్కతో రాష్ట్రము దేశమున ప్రథమస్థానము పొందినది. 2017 జూనులో ఆరంభమైన ప్రభుత్వ పథకము క్రింద గొల్ల కురుమ కుటుంబములకు ఇరువది గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున మూడు వంతుల రాయితీతో ఇచ్చిరి. గొర్రె వచ్చినది, సంతోషమే. గొర్రెతో పాటు బీడు రాలేదు. బీళ్లపై వెంచరులు, క్వారీలు, రహదారులు వచ్చుచున్నవి. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల విషయము సుప్రీం కోర్టు దాక పోయినప్పుడు, దేశమందలి పత్రికలన్నియు కంచ యను తెలుగు మాటను వ్రాసినవి. ఆ మాటకు అర్థమేమని విచారించినవారు కొద్దిమంది.

పంజాగుట్ట మీదికి ఇక ఏ విత్తనమును గడ్డిని తేలేదు. సిమెంటు క్రింద వేరు లేదు. బంజారాల ఎద్దులు మేసిన వాలునుండి నేడు హుస్సేన్‌సాగరునకు దిగునది మురుగునీరు. నగరమునకు ఆ నేల ఇతర విధముల ఉపయోగపడుచున్నది గనుక, పోయినదానికై వగచి ఫలములేదు. కాని సర్వే నంబరులో మేతబీడని వ్రాసియుండి, మట్టి బెత్తెడు మిగిలియున్న పల్లెలకు ఇంకను అవకాశము కలదు. మట్టి కూడ కొట్టుకొనిపోయిన పిదప అనంతపురపు గింజయు, ఆస్ట్రేలియా శాస్త్రమును కలసి వచ్చినను చేయగలిగినది స్వల్పము.

ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నడుపుకొన్న ఊరికి ఈ విద్య వేరుగా నేర్పనక్కరలేదు. అలమారలోని పుస్తకము అందరిది. ఒకరు తీసికొనిపోయి చదివి, గడువునకు తిరిగి తెచ్చి ఇచ్చుటచేతనే అది రెండవవానికి అందుచున్నది. తీసికొన్నది తిరిగి రానిచో కొత్త పుస్తకములు ఎన్ని కొన్నను అలమార వట్టిపోవును. బీడు కూడ అట్టి ఉమ్మడి సొత్తే. మేసిన గడ్డి తిరిగి పెరుగుటకు గడువు నిచ్చి, ఆ గడువును చిన్న మంద, పెద్ద మంద యను భేదము లేక అందరును పాటించిన ఊరిలో గొర్రెకు మేతయు, చెరువునకు తేట నీరును మిగులును.